బాలకిషన్ గారి భార్య

ఆ ఆదివారం ఉదయం చిక్కడపల్లిలోని బాలకిషన్ ఇంట్లో పద్దెనిమిది కప్పుల టీ పెట్టవలసి వచ్చింది. నగరపాలక సంస్థ ఎన్నికలకు ఏ డివిజన్ ఎవరికి కేటాయించారో తెలిపే జాబితా ముందురోజే వెలువడింది. వారి డివిజన్ మహిళలకు వచ్చింది. తెల్లవారేసరికి పార్టీ కార్యకర్తలు పూలదండలు పట్టుకుని వచ్చారు. ఆ దండలన్నీ బాలకిషన్ మెడలోనే పడ్డాయి. మహిళలకు కేటాయించిన స్థానానికి ఒక మగవాడిని అభినందిస్తున్నామే అని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. మిఠాయి పంచుకున్నారు, ఫోటోలు దిగారు, గెలిచాక ఊరేగింపు ఏ వీధి నుంచి తీయాలో కూడా మాట్లాడుకున్నారు.

వంటింట్లో టీ వడగడుతున్న విద్యావతికి సంగతి చెప్పింది కూతురు సంయుక్త.

"అమ్మా, కార్పొరేటర్‌గా నువ్వు నిలబడుతున్నవంట. బయట అందరు అనుకుంటున్నరు."

విద్యావతి నవ్వి, చక్కెర లేని టీ ఎంతమందికి కావాలో అడిగి రమ్మంది. ఎవరో సరదాకు అన్న మాట అనుకుంది. కప్పులు తీసుకుని ముందు గదిలోకి వెళ్లాక గానీ అది సరదా కాదని తెలియలేదు. ఒక కార్యకర్త లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత టీ తీసుకున్నాడు.

బాలకిషన్ చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. నారాయణగూడలో అతనికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా పార్టీ జెండా మోశాడు. ఎండలో తిరిగాడు, వానలో తిరిగాడు, ఒకసారి లాఠీ దెబ్బ కూడా తిన్నాడు. ప్రతి ఎన్నికల్లో ఏదో ఒక కారణంతో టికెట్ అతన్ని దాటిపోయింది. ఈసారి స్థానం మహిళలకు పోయిందని తెలిసినప్పుడు అతను నిరాశపడలేదు సరికదా, సంతోషించాడు. తన ఇంట్లోనూ ఒక మహిళ ఉంది కదా! కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంటే ఏమిటి, బల్బు వెలిగితే చాలు అన్నట్టుగా ఉంది అతని ఆలోచన. మన చుట్టూ చాలామంది మంచివాళ్ల ఆలోచన కూడా ఇంతే.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను భార్యకు అంతా వివరించాడు. నామినేషన్ వేసేరోజు వస్తే చాలన్నాడు. ప్రచారంలో చేతులు జోడిస్తే చాలన్నాడు. మీటింగులు, ఆఫీసర్లు, పనులు అన్నీ తను చూసుకుంటాడు. మరి బడి సంగతేమిటని విద్యావతి అడిగింది. ఇరవై నాలుగేళ్లుగా ఆమె నారాయణగూడలోని ఒక బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతోంది. ఐదేళ్లు సెలవు పెట్టమన్నాడు బాలకిషన్. విద్యావతి మరి మాట్లాడలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం అతనికి అలవాటే.

మరుసటి ఆదివారం ఆమెను ఓటర్లకు పరిచయం చేయడానికి అశోక్ నగర్ వీధుల్లో తిప్పారు. దారి చూపించడానికి ముందు నడిచిన మనిషి పేరు మాసమ్మ.

మాసమ్మకు నలభై ఆరేళ్లు. అశోక్ నగర్‌లో హాస్టళ్లున్న సందులో కర్రీ పాయింట్ నడుపుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు గదుల్లో అన్నం వండుకుని, ఆమె దగ్గర పప్పుచారు, వంకాయ కూర కట్టించుకుపోతారు. ఆమె భర్త దుర్గయ్య నారాయణగూడలో ఒక ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. బాలకిషన్ పార్టీలో చేరిన ఏడాదే మాసమ్మ కూడా చేరింది. ఓటరు చీటీలు పంచేది ఆమే. సభలకు ఆడవాళ్లను పోగుచేసేది, వేదిక మీద కుర్చీలు తుడిచేది ఆమే. ఇంకా ఎవరి పింఛను ఆగిపోయినా, ఎవరి ఇంటి ముందు మురుగు మోరీ పొంగినా, గరిటె పక్కన పెట్టి వాళ్లతో పాటు ఆఫీసుకు వెళ్లేదీ ఆమే.

ఆ రోజు ప్రతి గుమ్మంలోనూ ఒకటే జరిగింది. తలుపు తీసినవాళ్లు మాసమ్మను చూసి నవ్వారు. లోపలికి రమ్మన్నారు. ఆమె ఇంట్లోవాళ్లందరినీ పేరుపెట్టి పలకరించింది. పక్కన చేతులు జోడించి నిలబడ్డ విద్యావతిని చూసి, ఈమె ఎవరని అడిగారు. "బాలకిషన్ గారి భార్యను" అని విద్యావతి చెప్పింది. అప్పుడు వాళ్లు మర్యాదగా తలూపి, మళ్లీ మాసమ్మ వైపు తిరిగి తమ నల్లా నీళ్ల సంగతి చెప్పుకున్నారు.

ఆడపిల్లల హాస్టల్ దగ్గర మాత్రం కొంచెం వేరుగా జరిగింది. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న సంధ్య అనే అమ్మాయి పుస్తకం మూసి లేచింది. సందులో దీపాలు వెలగక కోచింగ్ నుంచి వచ్చేటప్పుడు ఇబ్బందిగా ఉందని, గెలిస్తే ఏం చేస్తారని విద్యావతిని అడిగింది. విద్యావతి నోరు తెరిచేలోగా బాలకిషన్ అందుకుని, వారం రోజుల్లో లైట్లు పెట్టిస్తానన్నాడు.

"నేను మేడంను అడిగిన అన్నా" అంది సంధ్య నెమ్మదిగా. తర్వాత విద్యావతి వైపు తిరిగింది. "ఏమనుకోకుండ్రి మేడం. మీరు నిలబడాలనుకున్నరా, మిమ్మల్ని నిలబెట్టిన్రా?"

బాలకిషన్‌తో వచ్చినవాళ్లు గట్టిగా నవ్వేశారు. సంధ్య నవ్వలేదు. తన తల్లి ఎల్లవ్వ ఐదేళ్లు ఊరి సర్పంచ్‌గా ఉందని చెప్పింది. "పంచాయతీ ఆఫీసుల కుర్చీ ఎట్లుంటదో ఇప్పటికీ మా అమ్మకు తెల్వది. కాగితాలు ఇంటికే వచ్చేటివి. పొయ్యి కాడ కూసోని సంతకం పెట్టేది. అందుకే అడిగిన."

ఇరవై నాలుగేళ్లుగా పిల్లలను ప్రశ్నలడిగిన విద్యావతి, ఒక పిల్ల అడిగిన ఆ చిన్న ప్రశ్నను ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇంటికి వచ్చాక బాలకిషన్ ఉత్సాహంగా చెప్పులు విడిచి, జనం ఆదరణ బాగుందన్నాడు. విద్యావతి అతనికి మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల నలభై ఒక్క ఇండ్లు తిరిగినం. నేను లెక్కపెట్టుకున్న. నలభై ఒక్కసార్లు బాలకిషన్ గారి భార్యను అని చెప్పిన."

"అయితే ఏంది? నా భార్యవే గద."

"నీ భార్యనే. అది ఇంట్ల సంగతి. డివిజన్‌కు నేనేం చేసిన? ఒక్క గల్లీ పేరు సక్కగ తెల్వది నాకు. మాసమ్మను చూస్తే పండు ముసలామె కూడ లేచి నిలబడ్డది. నిలబడాల్సింది మాసమ్మ. నేను నిలబడ."

బాలకిషన్ మొదట నవ్వాడు. తర్వాత బతిమాలాడు. ఇరవై రెండేళ్ల కష్టం చేతికందే వేళ కాలదన్నుకుంటామా అన్నాడు. చివరికి కోపం వచ్చింది. తను ఇంత చేసి, ఎవరో కూరలమ్ముకునే ఆమెకు పదవి ఇప్పించాలా అని నోరు జారాడు. విద్యావతి ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. అయితే ఈసారి ఆమె మౌనం అంగీకారం కాదని అతనికీ అర్థమైంది.

మర్నాటి నుంచి అతను ఇంట్లో అన్నం తినడం మానేశాడు. అలిగిన మనిషి ఎక్కడైనా తినాలి కదా. మూడు రోజులు హిమాయత్‌నగర్ హోటళ్లలో తిన్నాడు. బయటి నూనెకు కడుపు మండి, నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటి వంటలాంటిది దొరుకుతుందని మాసమ్మ కర్రీ పాయింట్‌కే వెళ్లాడు. అతని కోపానికి కారణమైన మనిషి దగ్గరికే ఆకలి అతన్ని తీసుకుపోయింది.

అక్కడ రద్దీగా ఉంది. బాలకిషన్ ఒక పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కూరల కోసం వచ్చినవాళ్లు కొందరైతే, చేతిలో కాగితాలతో వచ్చినవాళ్లు కొందరు. మాసమ్మ ఒకరికి దొండకాయ వేపుడు కడుతూనే, ఇంకొకరి దరఖాస్తు చూసి, ఏ కాగితం తక్కువైందో చెప్పింది. ఒక ముసలాయనను, ఎల్లుండి తనే వెంట వస్తానని పంపించింది. చెవి వినిపించని ఒకామెకు చేతులతో సైగ చేసి చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఎరిగిన మనిషే అయినా, ఆమె పని చేస్తుండగా బాలకిషన్ కూర్చుని చూడటం అదే మొదటిసారి. సభలో కుర్చీలు సర్దాక ఆమె ఎక్కడికి వెళుతుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు.

రద్దీ తగ్గాక ఆమె అతనికి అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసింది. విద్యావతి నిరాకరించిన సంగతి ఆమెకు తెలియదు. విద్యావతి వదిన గెలుపు కోసం ఏ బూత్‌కు ఎవరిని పెట్టాలో అప్పుడే రాసి పెట్టానని ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. బాలకిషన్ పేజీలు తిప్పాడు. ప్రతి బూత్, ప్రతి వీధి, ఏ ఇంట్లో ఎవరు ఊరికి పోయారో, ఎవరికి ఆటో పంపాలో అన్నీ ఉన్నాయి. అతను నోటుబుక్కు మూసి పక్కన పెట్టాడు.

"మాసమ్మా, నీకు నిలబడాలని ఎన్నడు అనిపించలేదా?"

ఆమె గిన్నె మీద మూత సరిగ్గా పెట్టింది.

"అనిపించకేం అన్నా. లిస్టుల లేడీస్ అని చూసిననాడు జర అనిపించింది. కాని నన్ను ఎవరడిగిన్రు? ఇరవై రెండేండ్లల నన్ను ఈ మాట అడిగింది నువ్వే మొదలు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే బాలకిషన్‌కు ఎక్కువ తగిలింది. తనకు టికెట్ రాని ప్రతిసారీ అతను పెద్దవాళ్లను తిట్టాడు. పని చేసినవాడిని గుర్తించరని బాధపడ్డాడు. తన పక్కనే నడిచిన మనిషి విషయంలో తనూ ఆ పెద్దవాళ్లలాగే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఆకలవుతోందన్నాడు. ఆ ఇంట్లో అలకలన్నీ అలాగే ముగుస్తాయి. భోజనం చేస్తూ, మాసమ్మ పేరు తనే చెబుతానన్నాడు.

చెప్పినంత సులువుగా పని కాలేదు. టికెట్ల సంగతి చూసే నగర నాయకుడు జగదీశ్వర్ మాసమ్మను ఒప్పించి వెంటబెట్టుకుని వచ్చిన భార్యాభర్తల మాట విని ఆశ్చర్యపోయాడు. ఇంకో ఇద్దరు నాయకులు తమ కోడళ్ల పేర్లు పట్టుకుని బయట కూర్చున్నారని, చేతికొచ్చిన అవకాశం వదులుకోవద్దని బాలకిషన్‌కు హితవు చెప్పాడు. బాలకిషన్ చేతులు జోడించాడు.

"సార్, మాసమ్మ నాకు చెల్లెలసొంటిది. నా మొఖం చూసి ఇయ్యుండ్రి."

"నీ మొఖం చూసి వద్దు" అంది పక్కనున్న విద్యావతి. "భార్య అని వద్దు, చెల్లె అని కూడ వద్దు. సార్, ఆమె పని చూసి ఇయ్యుండ్రి. నాలుగు ప్రశ్నలు అడగండి. చెప్పలేకపోతే వేరేవాళ్లకిచ్చుకోండి."

జగదీశ్వర్‌కు ఆ పద్ధతి నచ్చింది. ఎన్ని బూత్‌లు ఉన్నాయని అడిగాడు. మాసమ్మ చెప్పింది. పోయినసారి ఏ బూత్‌లో ఎందుకు వెనకబడ్డామని అడిగాడు. మూడు బూత్‌ల పేర్లు చెప్పి, ఒకచోట నీళ్లు రాక, ఒకచోట మన కార్యకర్తల గొడవ వల్ల, ఇంకోచోట అంతకు ముందుసారి గెలిచిన మన అభ్యర్థి మళ్లీ అటు కనిపించకపోవడం వల్ల అని చెప్పింది. ఆ కనిపించని అభ్యర్థి జగదీశ్వర్ బావమరిదే. ఆయన గొంతు సవరించుకుని, మైకులో మాట్లాడగలవా అని అడిగాడు.

"తెల్వది సార్. మైకు కిరాయికి తెచ్చుడు, తిరిగి ఇచ్చుడు నేనే చేసిన గాని, ఎన్నడు మాట్లాడనియ్యలే."

జగదీశ్వర్ పడీపడీ నవ్వాడు. నవ్వు తగ్గాక మాసమ్మ పేరు కాగితం మీద రాసుకున్నాడు. వారం తర్వాత, పార్టీ టికెట్ ఖాయం చేసే బీ ఫారం మాసమ్మ పేరుతో వచ్చింది. కోడళ్ల పేర్లు తెచ్చిన నాయకులిద్దరూ కొన్నాళ్లు ముఖం తిప్పుకున్నారు.

మైకు సంగతి విద్యావతి చూసుకుంది. బడి వదిలాక ఖాళీ తరగతి గదిలో మాసమ్మను నల్లబల్ల ముందు నిలబెట్టి, తను చివరి బెంచీలో కూర్చునేది. ఇక్కడికి వినబడాలి అనేది. మొదటి రోజు మాసమ్మ గోడవైపు చూస్తూ మాట్లాడింది. నాలుగో రోజుకు కిటికీ వైపు. మొదటి సభలో రాసుకున్న మాటలన్నీ మరిచిపోయి ఒక నిమిషం అలా నిలబడిపోయింది. తర్వాత కర్రీ పాయింట్ దగ్గర మాట్లాడినట్టే, ముందు వరుసలో ఉన్న ఒకామెను పేరుపెట్టి పిలిచి, మోరీ పని పూర్తయిందా అని అడిగింది. ఆమె కాలేదంది. ఎందుకు కాలేదో, ఎక్కడ ఆగిందో మాసమ్మ చెప్పసాగింది. పావుగంట ఎవరూ కదలలేదు.

ఫ్లెక్సీల విషయంలో మాత్రం చిన్న తమాషా జరిగింది. ప్రింటింగ్ అతను అలవాటు కొద్దీ బాలకిషన్ ఫోటో పెద్దగా, మాసమ్మది చిన్నగా వేశాడు. బాలకిషన్ కంప్యూటర్ ముందు కూర్చుని తన ఫోటో తగ్గించమన్నాడు. అతను కొంచెం తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాడు. చివరికి స్టాంపు బిళ్లంత అయ్యాక, అందులో తన మీసం కనిపిస్తోందా లేదా అని వంగి చూసుకుని, కనిపిస్తోందని తృప్తిపడి లేచాడు.

మాసమ్మ ఆరువందల ముప్పై ఏడు ఓట్లతో గెలిచింది. ఫలితం విన్న దుర్గయ్య ప్రెస్సులో అందరికీ మిర్చీ బజ్జీలు పంచాడు. ప్రమాణ స్వీకారానికి ఆమె కొత్త చీర కట్టుకోలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన పాత చీరతోనే వెళ్లింది. కౌన్సిల్‌లో మొదటిసారి లేచినప్పుడు, కోచింగ్ సెంటర్లున్న వీధుల్లో వేలమంది ఆడపిల్లలు తిరుగుతున్నా వాళ్లకు ఒక్క మరుగుదొడ్డి కూడా లేదని అడిగింది. కొందరు సభ్యులు ఇబ్బందిగా నవ్వారు. ఆమె కూర్చోకుండా జవాబు కోసం నిలబడే ఉంది. మూడు నెలల్లో రెండు కట్టారు. హాస్టల్ సందులో దీపాలు అంతకు ముందే వెలిగాయి.

మొదట్లో అధికారులు అలవాటు ప్రకారం బాలకిషన్‌కే ఫోన్ చేసేవారు. ఫలానా ఫైలు మీద ఏం చేయమంటారని అడిగేవారు. అతను మాసమ్మ నంబరు చెప్పి, రాసుకున్నారా అని రెండుసార్లు అడిగి పెట్టేసేవాడు. ఒకటి రెండు సార్లు నోటిదాకా సలహా వచ్చి ఆగిన మాట నిజం. అలవాటు ఒక్కరోజులో పోదు. అయినా పోగొట్టుకోవాలనుకున్న మనిషికి పోతుంది.

ఏడాది తిరిగాక, మహిళా దినోత్సవం నాడు హాస్టల్ ఆడపిల్లలు చిక్కడపల్లిలో చిన్న సభ పెట్టుకున్నారు. మాసమ్మను, విద్యావతిని పిలిచారు. సంధ్య తన తల్లి ఎల్లవ్వను ఊరి నుంచి రప్పించింది. శాసనసభలోనూ మూడోవంతు స్థానాలు మహిళలకు రానున్నాయి కదా, అప్పుడు మాసమ్మక్క ఎమ్మెల్యే అవుతుందా, మంత్రి అవుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. మాసమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాదని మాత్రం అనలేదు. ముందు ఈ డివిజన్‌లో మోరీలన్నీ బాగుచేస్తానని, అప్పటికీ ఓపిక ఉంటే అడుగుతానని, ఈసారి ఎవరో వచ్చి తనను అడిగేదాకా ఆగనని చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎల్లవ్వ వాళ్లందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

తర్వాత విద్యావతిని మాట్లాడమన్నారు. చేతికొచ్చిన పదవి వదులుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని సంధ్య అడిగింది. విద్యావతి తరగతిలో నిలబడినట్టే నిలబడి, చివరి వరుస దాకా వినబడేలా చెప్పింది.

"నాది కాని పదవిని నేను వదులుకున్నదేంది? నాకు బడి ఇష్టం. బడిలనే ఉన్న. కాని ఒక మాట యాద్ పెట్టుకోండి. మీలో కొందరు ఆఫీసర్లు అయితరు. రేపు మీ ముందుకొచ్చే కార్పొరేటర్‌తోని, ఎమ్మెల్యేతోని, ఆమెతోనే మాట్లాడుండ్రి, ఆమె వెంట వచ్చిన మగమనిషితోని కాదు. కొందరు మీరే నిలబడతరు. నిలబెట్టిన్రని నిలబడకండి, పని చేసి నిలబడండి. వార్డుల, పంచాయతీల మనం నిజంగ కూసుంటెనే రేపు శాసనసభల కూసునే ఆడోళ్లు తయారైతరు, మంత్రులైతరు. చట్టం మనకు కుర్చీ వేసిపెట్టింది. ఆ కుర్చీల కూసోవాల్సింది పేరు కాదు, మనిషి."